నిమ్మ ఉప్పు

డేగిసా అడుగున తెల్లటి పొర.
గీకితే గోరు అరిగింది,
స్టీలు పీచు అరిగింది,
అది మాత్రం
మూడు నెలల కిరాయి బాకీపడ్డ మనిషిలా
తలుపు తియ్యలేదు.

మెట్టుగూడలో మూడో అంతస్తు నాది.
నెత్తిన ట్యాంకు, కింద ఏడువందల అడుగుల బోరు.
ఈ నీళ్ళలో పప్పు ఉడకదు,
సబ్బు నురగ కట్టదు,
తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు.
నేనేమో ఈ నీళ్ళతోనే
మొలకెత్తిన యవలు కాచి,
డిసెంబరుకల్లా బీరు పులియబెడతానని
అందరికీ చెప్పుకున్నాను.

పోయినసారి సీసా మూత తీస్తే
మా అక్క మొదటి గుక్కకే
"స్కూల్లో బోర్డు నాకినట్టుందే" అంది.
రెండో గ్లాసు కూడా తాగింది,
అది వేరే సంగతి.

కింది వాటాలో యేసుపాదం గారు ఉంటారు.
లాలాగూడ వర్క్‌షాపులో
ఆవిరి బాయిలర్ల కడుపులో దూరి
సున్నం కొట్టిన మనిషి.
కుడి చెవి అక్కడే వదిలేసి వచ్చారు.
"లోపల కూర్చుని సుత్తి వేస్తుంటే
గంటలో నాలుకవి నువ్వేనమ్మా" అంటారు.

మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి
డేగిసాను వేలి మెటికతో తట్టారు.
ఎడమ చెవి వంచి విన్నారు.
"రెండేళ్ళు," అన్నారు. "ఇంకో ఎండాకాలం ఎక్కువే."
నా చేతిలో చాకు చూసి లాక్కున్నారు.
"గీతలు పెట్టకు.
రేపొచ్చే సున్నానికి అవే మెట్లు.
దీని దగ్గర బలం చెల్లదు, పులుపు కావాలి.
మీ అమ్మ రాగిచెంబు దేంతో తోమేది?"

బేగంబజారులో అరకిలో నిమ్మ ఉప్పు అడిగితే
కొట్టాయన కళ్ళెత్తి చూశాడు.
"పెళ్ళి పులిహోరకా?"
"గిన్నెకి," అన్నాను.
"ఎంత గిన్నె?" అన్నాడు.

వేడినీళ్ళు, నాలుగు చెంచాలు.
మొదట ఏమీ కాలేదు.
తర్వాత అడుగు నుంచి ఒకటి, ఇంకొకటి,
సన్నటి బుడగలు.
చెవి పెట్టి వింటే
రేకుల షెడ్డు మీద దూరంగా మొదలైన తుంపర.

పొరలు తోసుకుని రాలేదు, వరసలో లేచాయి.
పైన సుద్దలాంటిది, ఈ వేసవి ట్యాంకరు.
దాని కింద మట్టిరంగు,
మోటారు కాలిపోయి
బోరును ఇంకా లోతుకి దింపిన నెల.
ఆ కిందది ఉల్లిపొరంత పలచన:
రోజు విడిచి రోజు నల్లా వచ్చినప్పుడు
మేం బిందెలు లెక్కపెట్టని రోజులు.

ఒక్క గోధుమరంగు వలయం మిగిలింది.
పులుపుకి లొంగలేదు, మళ్ళీ పోస్తే నవ్వింది.

"అది ఒట్టి నీళ్ళది కాదు," అన్నారాయన.
"నీ ధాన్యం కూడా కలిసింది అందులో. బీరు రాయి.
ముందు బట్టల సోడాతో నానబెట్టు,
కడుగు, బాగా కడుగు, అప్పుడు పులుపు.
రెండూ ఒకేసారి వేశావో,
ఇద్దరు పెద్దమనుషుల్ని పంచాయితీకి పిలిచినట్టే.
వాళ్ళిద్దరూ కొట్టుకుంటారు,
నీ గొడవ నీకే ఉంటుంది."

రాత్రంతా సోడా. పొద్దున పులుపు.
పదకొండింటికి వలయం ఒక చోట తెగింది.
మధ్యాహ్నానికి గుడ్డకి అంటుకుని వచ్చేసింది,
పాలమీగడ వచ్చినంత మెత్తగా.
నాకెందుకో కోపం వచ్చింది,
ఇంత మెత్తనిదానివా అని.

ఆ నీళ్ళు బాత్రూంలో పారబోస్తే
గచ్చు సిమెంటు కూడా కాసేపు బుసబుసలాడింది.

సాయంత్రం యేసుపాదం గారు వచ్చి మళ్ళీ తట్టారు.
ఈసారి కుడి చెవి వంచారు.
నేను ఏమీ అనలేదు.
"మోగిందా?" అని అడిగారు.
"మోగింది."
"ఎంతసేపు?"
"ఇంకా మోగుతోంది."

మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే,
"బోర్లించి ఆరబెట్టకు, తుడిచెయ్.
నీళ్ళు ఆరినచోటే మొదలవుతుందది."

ఇంట్లో పొడిగుడ్డ ఒక్కటి లేదు.
చున్నీతో తుడిచాను.